రోడ్డు వెడల్పు కాలేదు, తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. మొదటిసారి మూడో పేరా దగ్గరే చిరాకేసి పక్కన పడేశాను. "మొబైల్ నెట్‌వర్క్ ఒక రోడ్డు లాంటిది. జనం పెరిగేకొద్దీ ఆ రోడ్డును వెడల్పు చేస్తూ పోయారు" అన్నావు చూడు, అక్కడ. మర్నాడు మనసొప్పక మళ్ళీ తీసి చివరిదాకా చదివాను. భాష శుభ్రంగా ఉంది. ఇక అసలు సంగతికి వస్తాను.

నువ్వు రాసింది జీపీఆర్‌ఎస్ గురించి, ఎడ్జ్ గురించి, అంటే 2జీ నెట్‌వర్క్ మీద డేటా పంపే రెండు పద్ధతుల గురించి. ఆ రెండింటిలోనూ గాలిలో రోడ్డు ఒక్క అంగుళం కూడా వెడల్పు కాలేదు. 1991 జూలై 1న ఫిన్లాండ్‌లో మొదటి జీఎస్‌ఎమ్ (2జీ) కాల్ మాట్లాడిన రోజున ఒక క్యారియర్, అంటే సిగ్నల్‌ని మోసే ఫ్రీక్వెన్సీ పట్టీ, వెడల్పు 200 కిలోహెర్ట్జ్. 2003లో అమెరికాలో ఎడ్జ్ మొదలైన రోజునా 200 కిలోహెర్ట్జే. ఆ క్యారియర్‌ని ఎనిమిది టైమ్ స్లాట్లుగా, అంటే ఫోన్లు వంతులవారీగా వాడుకునే కాలపు ముక్కలుగా, కోశారు, ఒక్కోటి సుమారు 577 మైక్రోసెకన్లు. అదీ మారలేదు. సెకనుకు గాలిలోకి వదిలే సింబల్స్, అంటే రేడియో సైగలు, సుమారు 2,70,833. అవీ పెరగలేదు. ఇన్ని కదలకుండా కూర్చుంటే మరి వేగం ఎక్కణ్ణుంచి వచ్చింది? నీ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న మీద నడవాలి. నువ్వేమో తారు పీపాలు దొర్లించుకొచ్చి రోడ్డు వేసేశావు.

నాకిది పిచ్చి అనుకో, పర్వాలేదు. అప్‌గ్రేడ్ గురించి రాసేవాడు ముందు ఏమేం మారలేదో కాగితం మీద రాసుకోవాలి. మారినవి ఎవరైనా చెప్తారు, కంపెనీ ప్రకటనల్లోనే ఉంటాయి. కానీ ఆ ఇంజినీర్ల చేతులు కట్టేసి ఉన్నాయి. జనం జేబుల్లో ఉన్న పాత ఫోన్లు మర్నాడు కూడా పనిచేయాలి. మాట ఆగకూడదు. కొత్త ఫ్రీక్వెన్సీ ఎవరూ ఊరికే ఇవ్వరు. ఆ కట్ల మధ్య వేళ్ళు ఎలా ఆడించారన్నదే కథ.

జీపీఆర్‌ఎస్‌నే తీసుకో. అంతకుముందు డేటా కూడా కాల్ లాగే వెళ్ళేది. ఒక స్లాట్, సెకనుకు 9.6 కిలోబిట్లు. 50 కిలోబైట్ల బొమ్మ దిగడానికి 40 సెకన్లు దాటేది. పైగా నువ్వు పేజీ చదువుకుంటూ కూర్చున్నంతసేపూ ఆ స్లాట్ నీ పేరు మీదే ఖాళీగా పడుండేది. జీపీఆర్‌ఎస్ వచ్చాక పంపాల్సింది ఉన్నప్పుడే స్లాట్ ఇచ్చి, అయిపోగానే లాక్కోవడం మొదలైంది. ఒక ఫోన్‌కి నాలుగు స్లాట్లు కలిపి ఇవ్వడమూ కుదిరింది. ఇంకో పని కూడా చేశారు. గాజు సామాను పెట్టెలో గడ్డి కుక్కినట్టు, ప్రతి డేటా ముక్క చుట్టూ తప్పులు దిద్దుకోవడానికి అదనపు బిట్లు కుక్కుతారు. సిగ్నల్ బాగుంటే ఆ గడ్డి తగ్గించారు. గడ్డి నిండుగా ఉంటే స్లాట్‌కి 9.05 కిలోబిట్లు, దాదాపు పూర్తిగా తీసేస్తే 21.4. పెట్టె మాత్రం అదే పెట్టె.

ఎడ్జ్ దగ్గర నువ్వు "మరింత ఆధునిక సాంకేతికతతో" అని ఒక్క ముక్కలో దాటేశావు. అసలు ముద్దంతా అక్కడుంటే! నాకు ఆ పోలిక దొరకడానికి రెండేళ్ళు పట్టింది, నీకు ఊరికే ఇస్తున్నాను. చీకట్లో దూరంగా ఒక మనిషి దీపం పట్టుకుని సైగ చేస్తున్నాడనుకో. పాత పద్ధతిలో ఎడమకి ఊపడం, కుడికి ఊపడం, ఇవి రెండే సైగలు. ఒక్కో ఊపుకి ఒక బిట్. ఎడ్జ్‌లో అదే మనిషి అదే వేగంతో ఊపుతూ ఎనిమిది దిక్కులు వాడుకుంటాడు. ఎనిమిదిలో ఏదో ఒకటి అంటే ఒక్కో ఊపుకి మూడు బిట్లు. చెయ్యి వేగం పెరగలేదు, అర్థం చిక్కబడింది. దగ్గరున్నవాడికి ఎనిమిదీ స్పష్టంగా తెలుస్తాయి. దూరంగా ఉన్నవాడికి ఈశాన్యమో తూర్పో తేలదు. అందుకే టవర్‌కి దూరమయ్యేకొద్దీ ఎడ్జ్ మళ్ళీ రెండు సైగలకి దిగిపోతుంది. స్లాట్‌కి 59.2 కిలోబిట్ల దగ్గర మొదలైన వాడు 8.8 దాకా జారొచ్చు. ఈ జారుడు రాయకుండా 59.2 ఒక్కటే రాస్తే అది ప్రకటన అవుతుంది.

రాయడం మొదలుపెట్టక ముందు కొన్నాళ్ళు నేను ఈ పనిలోనే ఉన్నాను. అప్‌గ్రేడ్లన్నీ అర్ధరాత్రి దాటాకే, కాల్స్ పలచబడ్డాక. ఒక రాత్రి బేస్ స్టేషన్ గదిలో సిగ్నల్ పంపి, అందుకునే పాత ట్రాన్స్‌సీవర్ కార్డులు లాగేసి ఎడ్జ్ తెలిసిన కొత్తవి పెట్టాం. సాఫ్ట్‌వేర్ ఎక్కింది. టెస్ట్ ఫోన్ మీద 'జీ' అక్షరం పోయి 'ఈ' వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత ఫైల్ దింపితే వేగం నిన్నటిదే! కార్డు మార్చాం, కేబుల్ మార్చాం, పైన యాంటెన్నా దాకా చూసొచ్చాం. తెల్లారేసరికి తేలింది: టవర్ నుంచి, చాలా టవర్లని అదుపు చేసే కంట్రోలర్‌కి వెళ్ళే వెనక లైన్లో ఒక్కో రేడియో స్లాట్‌కి 16 కిలోబిట్ల సందు కేటాయించి ఉంది. మాటకి అది చాలు, మాట 13 కిలోబిట్లే. ఎడ్జ్ స్లాట్‌కి దాదాపు 60 కావాలి. గాలిలో ఎంత దీపం ఊపినా వెనక సందులోంచి దూరేది అంతే. చాలా నెట్‌వర్క్‌లు జీపీఆర్‌ఎస్‌లో కూడా 13.4 కిలోబిట్ల దగ్గరే ఆగిపోయింది ఈ సందు మూలానే. గడ్డి ఇంకా తగ్గించిన పై రెండు కోడింగులు అందులో పట్టవు.

అంటే నీ రోడ్డు ఎక్కడైనా వెడల్పు చేయాల్సి వచ్చిందంటే, ఎవరూ చూడని ఆ వెనక లైన్లో. సెకనుకు 2.048 మెగాబిట్ల ఈ1 లైన్లు ఒకటికి రెండు, రెండుకి నాలుగు వేసుకుంటూ పోయి, ఆనక ఫైబర్‌కీ ఈథర్‌నెట్‌కీ మారారు. నీ వ్యాసంలో వెనక లైన్ అన్న మాటే లేదు. టవర్ అంటే ఆకాశంలోకి చూడ్డమే కాదు నాయనా, కాళ్ళ దగ్గర కేబుల్ ఎటు పోతోందో చూడు.

3జీ మాటేమిటంటావు. సరే, అక్కడ నిజంగానే వెడల్పయింది, 200 కిలోహెర్ట్జ్ నుంచి 5 మెగాహెర్ట్జ్‌కి. ఈ ఒక్కచోట నీ పోలికకి నా దగ్గర జవాబు లేదు. కానీ 3జీ డేటా వేగం పెంచడానికి హెచ్‌ఎస్‌డీపీఏ వచ్చినప్పుడు చూడు, మళ్ళీ అదే 5 మెగాహెర్ట్జ్. ఒక మనిషికి మామూలుగా 384 కిలోబిట్ల దగ్గర నిలిచిన 3జీ, కాగితం మీద 14.4 మెగాబిట్లకి వెళ్ళింది. సైగలు పదహారయ్యాయి, నిజమే. నాకు నచ్చేది మాత్రం వేరే మార్పు. ఎవరికి ఎప్పుడు ఎంత పంపాలనే నిర్ణయం అంతవరకూ దూరంగా ఉన్న కంట్రోలర్ చేతిలో ఉండేది. దాన్ని తెచ్చి బేస్ స్టేషన్‌లో పెట్టారు. ప్రతి 2 మిల్లీసెకన్లకి ఒకసారి, ఈ క్షణాన ఎవరి సిగ్నల్ బాగుందో చూసి వాళ్ళకి వడ్డించడం. అధికారం పై ఆఫీసు నుంచి కౌంటర్ దగ్గరికి దిగితే పని ఎలా పరిగెత్తుతుందో అలాగన్నమాట. ఇక ఆ 14.4 సెల్‌లో, అంటే ఒక యాంటెన్నా పరిధిలో, ఉన్నవాళ్ళంతా పంచుకునేది. నువ్వు "ప్రతి వినియోగదారుడికీ" అన్నావు. కొట్టేయి.

బిట్లు, బైట్ల దగ్గర కూడా జాగ్రత్త. నా తొలి వ్యాసం అచ్చయినప్పుడు ఒక సంపాదకుడు 384 కిలోబిట్లని 384 కిలోబైట్లు చేశాడు. "పాఠకులకు బైట్లే అలవాటు" అన్నాడు. ఎనిమిది రెట్ల అబద్ధం నా పేరు మీద అచ్చయింది. సవరణ వేయమని మూడు ఉత్తరాలు రాశాను, వేయలేదు. పైగా శీర్షిక 'మెరుపు వేగం'. మెరుపు! ఆ తర్వాత పదేళ్ళూ టెలికాం మీద ఏం రాసినా ఎవడో ఒకడు నెత్తిన మెరుపు పెట్టేవాడు. ఇప్పుడు మెరుపు పోయి 'మీరు తెలుసుకోవాల్సిన 5 విషయాలు' వచ్చింది. నాలుగే ఉంటే ఐదోది పుట్టించమంటారు. పుట్టించకు.

కలం పేరు పెట్టుకోవాలా, ఎక్కడికి పంపాలి, నెలకి ఎన్ని రాయాలి అని ఏవేవో అడిగావు. నీ ఉత్తరం రెండో పేజీ ఎక్కడో పెట్టాను, దొరికినప్పుడు చూస్తాను.

రెండోసారి చదివినప్పుడు నన్ను ఆపింది చివరి పేజీలో నువ్వు తోక లాగా పడేసిన వాక్యం. "ఆ రాత్రి అక్క పంపిన ఫోటోలో నుదురూ కళ్ళూ దిగి, అక్కడే ఆగిపోయింది." పన్నెండు వందల మాటల్లో నీది ఇదొక్కటే. మిగతావి ఎక్కడ చదివావో నాకు తెలుసు, నేనూ అవే చదివాను. వ్యాసం అక్కడ మొదలుపెట్టు. ఆ కళ్ళ దగ్గర ఎందుకు ఆగిందో చెప్పు. బహుశా ఆ క్షణాన సెల్‌లో ఎవరో కాల్ ఎత్తి ఉంటారు, మాటకే మొదటి పీట కాబట్టి డేటా స్లాట్ లేచి చోటిచ్చి ఉంటుంది. లేదా జీపీఆర్‌ఎస్ మొండితనం. సిగ్నల్ బాగున్నప్పుడు పలచటి గడ్డితో కట్టిన ముక్క దారిలో చెడితే, సిగ్నల్ పడిపోయాక కూడా దాన్ని అదే కట్టుతో మళ్ళీ పంపాలి. మళ్ళీ చెడుతుంది, మళ్ళీ పంపుతుంది. చిన్న ముక్కలుగా విడగొట్టి ఎక్కువ గడ్డితో పంపే వీలు ఎడ్జ్‌లోనే వచ్చింది. అంతేకాదు, ఎడ్జ్ ఫోన్ చెడిన ముక్కను పారేయకుండా దాచుకుంటుంది. రెండోసారి వచ్చిన దాంతో కలిపి చూసుకుని, రెండు సగాల్లోంచి ఒక నిజాన్ని తేల్చుకుంటుంది. ఈ సంగతి నీ ఫోటో పక్కన పెట్టి రాస్తే ఎవరైనా చదువుతారు, ఒక్క గ్రాఫ్ లేకపోయినా.

తిరగరాసి పంపు. రోడ్డు కనబడితే చదవను. అన్నట్టు, ఆ ఫోటో చివరికి పూర్తిగా దిగిందా? నువ్వు రాయలేదు.

ఉంటాను.