మేకను ఇంటికి తెచ్చే ముందు

శ్రీకాకుళం

బేటా,

అస్సలాము అలైకుమ్.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఈ బక్రీద్‌కి ఖుర్బానీ ఇంట్లోనే ఇస్తావట. మేకను వారం ముందే తెచ్చి పెరట్లో కట్టేస్తావట, పాప చేత మేత వేయిస్తావట. విని అల్హందులిల్లాహ్ అనుకున్నాను. నా ఒళ్లో నిద్రపోయిన పిల్లాడు సొంత సంపాదనతో ఖుర్బానీ ఇచ్చేంతవాడయ్యాడు, ఇంతకంటే నాకేం కావాలి! ఆ సంతోషంతోనే పడుకున్నాను గానీ, "పాప చేత మేత వేయిస్తాడట" అన్న మాట తెల్లవారేదాకా కన్ను మూయనివ్వలేదు. ఫోన్లో చెబితే మేనత్తే కదా అని సగం విని "సరే ఫుప్పూ" అంటావు. అందుకే రాస్తున్నాను. చదివాక ఈ కాగితం మీ అబ్బాకివ్వు. ఆయన దగ్గర దాచాల్సిందేమీ ఇందులో లేదు.

తేలికవి ముందు చెప్పేస్తాను. అప్పులూ ఇంటి అవసరాలూ పోగా యాభై రెండున్నర తులాల వెండి, అంటే సుమారు 612 గ్రాములు, ఆ విలువ చేసే సొత్తు మిగిలినవాళ్లకు ఖుర్బానీ వాజిబ్, అంటే తప్పనిసరి. నీకు ఇంటి లోను ఉంది కాబట్టి లెక్క ఎలా చూడాలో ఇమాం సాబును అడుగు. జిల్‌హజ్ అనే ఈ బక్రీద్ నెల నెలవంక కనబడ్డప్పటి నుంచి ఖుర్బానీ అయ్యేదాకా జుట్టు, గోళ్లు తీయకు. తొమ్మిదో రోజు అరఫా ఉపవాసం ఉండు. ఆ తెల్లవారి ఫజర్ నమాజ్ నుంచి పదమూడో రోజు సాయంత్రం అసర్ దాకా, తప్పనిసరైన ప్రతి ఫర్జ్ నమాజ్ తర్వాత అల్లాహు అక్బర్ అంటూ తక్బీర్ చదవడం మరిచిపోకు. రంజాన్ పండక్కి ఖర్జూరం తిని ఈద్గాకు వెళ్తాం, బక్రీద్‌కి ఏమీ తినకుండా వెళ్తాం. వెళ్లిన దారిన కాకుండా వేరే దారిన తిరిగి రా. నమాజ్ కాకముందే కత్తి పెడితే అది ఉత్త మాంసం, ఖుర్బానీ కాదు. పండగ రోజు కుదరకపోతే కంగారు పడకు, పన్నెండో రోజు పొద్దుగుంకేదాకా గడువుంది.

మేక విషయం. మానాపురం సంతకే వెళ్తావో, ఊళ్లో గొల్లల దగ్గరే కొంటావో నీ ఇష్టం. ఏడాది నిండిందా అని నోరు తెరిచి చూడు, ముందు రెండు పెద్ద పళ్లు వేసి ఉండాలి. కుంటిది, కంటి చూపు లేనిది, జబ్బుపడి బక్కచిక్కింది పనికిరాదు. ఈసారి పండగ రోహిణి కార్తెలో పడుతోంది. కాళ్లు కట్టి ఆటో వెనక పడేసి మిట్టమధ్యాహ్నం తేవద్దు. తెల్లవారుజామున బయల్దేరు, నిలబెట్టి తీసుకురా, రాగానే నీళ్లు పెట్టు. రేకుల కింద కట్టకు, చెట్టునీడ చూసుకో. అతిథి వచ్చిందని పాప అన్నం, బియ్యం గుమ్మరిస్తుంది, దాంతో కడుపు ఉబ్బి మేక చచ్చిపోతుంది. ఆకు వెయ్యమను, ఎండుగడ్డి వెయ్యమను, గింజ మాత్రం గుప్పెడు దాటనివ్వకు.

కసాయి భాయ్‌తో ఇప్పుడే మాట్లాడి టైము ఖాయం చేసుకో. పండగనాడు వాళ్లకు ఊపిరి సలపదు. కూలి నీ జేబులోంచి ఇవ్వాలి. తోలో, తలకాయో ఇచ్చి చెల్లు అనడానికి లేదు. కత్తి ముందురోజే, మేకకు కనబడని చోట నూరించు. జిబహ్ చేసేవాడు, అంటే కోసేవాడు, కత్తికి పదును పెట్టుకోవాలి, పశువును హింస పెట్టకూడదు అన్నది ప్రవక్త గారి మాట. నీ చేత్తో చేయగలిగితే మంచిదే. చెయ్యి వణికేలా ఉంటే మొండికెయ్యకు. భాయ్‌కి ఇచ్చి పక్కన నిలబడి దువా చదువు. నీ పౌరుషం కోసం మూగజీవాన్ని బాధపెట్టే హక్కు నీకు లేదు.

ఇక అసలు సంగతి.

మీ అబ్బా ఇంట్లో ఖుర్బానీ ఎందుకివ్వడో నువ్వెప్పుడైనా అడిగావా? ఏటా మదర్సాకు డబ్బు కడతాడు, రశీదు తెచ్చి ఖురాన్ అల్మారాలో పెడతాడు, అక్కడితో అయిందంటాడు. పిసినారి అన్నవాళ్లున్నారు, రక్తం చూడలేడు అన్నవాళ్లున్నారు. రెండూ కావు.

1972లో బక్రీద్ జనవరి ఆఖరున వచ్చింది. సంక్రాంతి వెళ్లినా పొద్దున్నే మంచు వదలని రోజులు. అప్పట్లో మా ఇల్లు జామియా మసీదుకు దగ్గర్లో ఉండేది. కుతుబ్ షాహీల కాలంలో ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన మసీదు, నువ్వు చిన్నప్పుడు జుమాకు వచ్చేవాడివి కదా, అదే. అక్కణ్నుంచి నాగావళికి నడిచి వెళ్లేవాళ్లం. నాకు పదకొండేళ్లు, మీ అబ్బాకు ఏడు. మీ దాదా అంతకు ఏడాది ముందే ఒక గొల్లాయన దగ్గర పాలు మరిచిన మేకపిల్లను కొని తెచ్చారు. ఇంట్లో ప్రేమగా సాకి ఇస్తే సవాబ్, అంటే పుణ్యం, ఎక్కువని ఆయన నమ్మకం. ఎందుకు సాకుతున్నామో మాత్రం పిల్లలకు చెప్పలేదు. నల్లటి మేక, కుడి డొక్క మీద అరచేయంత తెల్లమచ్చ. మీ అబ్బా దానికి మోతీ అని పేరు పెట్టుకున్నాడు. బడి నుంచి వస్తూ నిక్కరు జేబుల నిండా తుమ్మకాయలు తెచ్చేవాడు. చలి పెరిగాక తన కింద పరుచుకునే గోనెసంచి తీసుకెళ్లి దాని మీద కప్పేవాడు. అది వాడి చొక్కా గుండీలు నమిలేసేది, మా అమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టేది.

పండగ దగ్గరపడ్డాక మీ దాదాకు నోరు రాలేదు. పిల్లాడు తట్టుకోలేడనుకున్నారు. నమాజ్ అయ్యాక మమ్మల్నిద్దర్నీ చిచ్చా వెంట చుట్టాల ఇళ్లకు సలాం చెప్పి రమ్మని పంపేశారు. తిరిగొచ్చేసరికి పెరట్లో కొయ్య ఒక్కటే ఉంది. "తాడు తెంపుకుని నది వైపు పోయిందిరా, అదే వస్తుందిలే" అన్నారు. మధ్యాహ్నం కలేజీ, అదే కార్జం వేపుడు పెట్టారు. ఇద్దరం తిన్నాం. తిని, రావికొమ్మ ఒకటి విరుచుకుని నాగావళి గట్టుకు వెళ్లాం. నేనూ నమ్మాను. చీకటిపడేదాకా వాడు "మోతీ, మోతీ" అని పిలుస్తూనే ఉన్నాడు. అవతల ఒడ్డున ఎవరి మేక అరిచినా ఆగి వినేవాడు. గొంతు బొంగురుపోయింది. మర్నాడు కూడా వెళ్లాం.

మూడో రోజు మదర్సా నుంచి తోళ్ల కోసం ఇద్దరొచ్చారు. పెరటి వసారాలో ఉప్పు రాసి, మడిచి, మీద తట్ట బోర్లించిన తోలును వాళ్లు బయటికి తీసి బాగుందా లేదా అని విప్పి చూశారు. లోపలివైపు ఉప్పు ఊరి చెమ్మగా ఉంది. తిరగేస్తే నల్లటి బొచ్చు, మధ్యలో తెల్లమచ్చ. మీ అబ్బా గుమ్మంలో ఉన్నాడు. ఏడుస్తాడని నేను చెయ్యి పట్టుకోబోయాను. ఏడవలేదు. వెళ్లి కూర్చుని, మచ్చ మీద అంటుకున్న ఉప్పు రవ్వల్ని వేలితో ఒక్కొక్కటే దులిపాడు. మదర్సా ఆయన పాపం, ఏం జరుగుతోందో తెలియక, వాడు దులపడం అయ్యేదాకా ఆగాడు.

ఆ తర్వాత కొన్నేళ్లు వాడు మాంసం ముట్టలేదు. అది పెద్ద విషయం కాదు. మా అబ్బా ఏం చెప్పినా, బడికి సెలవంటే, రేపు ఆమదాలవలస వెళ్దామంటే, "నిజమేనా?" అని నా వైపు తిరిగి అడిగేవాడు. ఆ మాట మీ దాదా చెవినపడ్డ ప్రతిసారీ ఆయన ముఖం ఎలా అయ్యేదో నేను చూశాను. ఆయన మంచి మనిషి, బేటా. పిల్లాడి మీద జాలితోనే అబద్ధమాడారు. వాడు పెద్దయ్యాక, నీ పెళ్లి మాటలప్పుడు అనుకుంటా, ఒకసారి నేనే కదిపాను. "కోసినందుకు కాదు ఆపా. గట్టు మీద నన్ను అంతసేపు పిలవనిచ్చారు, అందుకు" అన్నాడు. అంతే, మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు పండగ కథ ఒకసారి తలచుకో. ఇబ్రాహీం ప్రవక్త అలైహిస్సలాంకు కలొచ్చింది, కొడుకును జిబహ్ చేస్తున్నట్టు. ఆయన రహస్యంగా తీసుకెళ్లలేదు. నిద్రలో ఉండగా చెయ్యలేదు. "నాయనా, ఇలా కలగన్నాను, నీ ఆలోచనేమిటో చెప్పు" అని కొడుకునే అడిగాడు. ఖురాన్‌లో, సాఫ్ఫాత్ సూరాలో ఉంది చూడు. "అబ్బా, మీకైన ఆజ్ఞ నెరవేర్చండి, అల్లాహ్ తలిస్తే నన్ను ఓర్పు గలవాడిగానే చూస్తారు" అన్నాడు ఆ పిల్లవాడు. అంతకుముందు, ఎడారి లోయలో భార్య హాజరా బీబీని పసిబిడ్డతో వదిలి వెళ్తుంటే ఆమె కూడా వెనకాల వచ్చి అడిగింది, ఇది అల్లాహ్ ఆజ్ఞేనా అని. అవునన్నాడు. అయితే అల్లాహ్ మమ్మల్ని వదిలెయ్యడు అని ఆమె వెనక్కి తిరిగింది. నీళ్ల కోసం సఫా మర్వా గుట్టల మధ్య ఆమె పరుగులు, జమ్‌జమ్ ఊట, అన్నీ ఆ తర్వాతే కదా. బక్రీద్ అంటే అందరూ కత్తినీ, కొడుక్కి బదులుగా వచ్చిన పొట్టేలునీ చెబుతారు, ఆ తల్లి మాట ఎత్తరు. నేను ఈద్ రోజు ఆమెనే ఎక్కువగా తలచుకుంటాను. అంత పెద్ద పరీక్షలో కూడా ఆ ఇంట్లో ఒకరికొకరు అబద్ధం చెప్పుకోలేదు. మాంసం గానీ రక్తం గానీ అల్లాహ్‌కు చేరవు, మన తఖ్వాయే, మనసులోని దైవభీతే చేరుతుందని ఆయనే అన్నాడు. పిల్ల దగ్గర దొంగచాటుగా ఇచ్చేదాంట్లో తఖ్వా ఎక్కడుంటుంది?

అందుకని మేక గేటు దాటి లోపలికి రాకముందే పాపకు చెప్పు. "ఇది బక్రీద్ దాకా మన దగ్గరుంటుంది, ఆ రోజు అల్లాహ్ పేరు మీద ఖుర్బానీ ఇస్తాం, ఉన్నన్నాళ్లూ బాగా చూసుకోవాలి." ఈ మాత్రం ఆరేళ్ల పిల్లకు అర్థమవుతుంది. వద్దని ఏడిస్తే కోప్పడకు, కూర్చుని విను. పేరు పెట్టుకుంటానంటే పెట్టుకోనీ. ఆ రోజు చూడమని బలవంతం చెయ్యకు, చూస్తానంటే నీ పక్కన నిలబెట్టుకో. తిననంటే తినిపించకు. "ముసల్మాన్ పిల్లవి, ఏడుస్తావా" అని ఎవరైనా అంటే నా పేరు చెప్పి నోరు మూయించు. ప్రేమించినదాన్ని ఇవ్వడమే ఈ పండగ, ఏడుపు రాకపోతేనే ఆలోచించాలి.

ఇంకోటి. ఫోన్లో వీడియోలు తీసి స్టేటస్‌లు పెట్టే పిల్లలు మీ వీధిలో ఉంటారు. ఒక్కణ్ని కూడా రానివ్వకు. మేకను అలంకరించి, ధర చెప్పి, రక్తం చూపించి ఎవరికి పెడతారవి? పక్కింటివాళ్ల మనసు కష్టపెట్టడానికా? ఖాదర్ బాబా దర్గాకు హిందువులు కూడా మనతోపాటు చాదర్ పట్టుకొచ్చే ఊరది. రక్తం కాలవలోకి వదలకు, గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చు. పేగులూ చెత్తా అదే గోతిలో. పన్నెండు గంటలకల్లా వీధి కడిగేసి ఉండాలి. మాంసం తినని ఇళ్లకు సేమియా పంపు, అదీ వేరే గిన్నెలో వండి.

మాంసం మూడు వాటాలు: పేదలకొకటి, చుట్టాలకొకటి, ఇంటికొకటి. పేదలది ముందు తీసి పక్కన పెట్టు, మిగిలింది పంచడం కాదు. బొమికలు వాళ్లకు, మెత్తటివి చుట్టాలకు వెయ్యకు, మూడింట్లోనూ అన్ని రకాలూ పడాలి. అడగడానికి మొహమాటపడే ఇల్లు ప్రతి వీధిలో ఒకటుంటుంది, అక్కడికి నువ్వే వెళ్లి ఇచ్చి రా.

బేరానికి వెళ్లకముందే మీ అబ్బాతో మాట్లాడు. బయానా ఇచ్చేశాక అడిగితే అది అడగడం కాదు. ఆయన వద్దంటే ఎదురు చెప్పకు, ఎప్పటిలా మదర్సాలో ఇప్పించు, ఖుర్బానీకి ఏ లోటూ రాదు. సరేనంటే సంతకు ఆయన్ను కూడా తీసుకెళ్లు. మేక పళ్లు చూడటం నీకంటే ఆయనకు బాగా తెలుసు. పండగనాడు ఆ వేళకు గదిలో తలుపేసుకుంటే మాత్రం పిలవద్దు.

నేను ముందురోజు పొద్దున్నే ఆమదాలవలసలో రైలెక్కుతాను. స్టేషన్‌కు రానక్కర్లేదు, ఆటోలో వచ్చేస్తాను. మసాలా కొనకండి, ఇక్కడ దంచి తెస్తున్నాను. పాపకు గాజులు తీసుకుంటున్నా, చేతి కొలత పంపమని మీ ఆవిడకు చెప్పు.

దువాలతో,
నీ ఫుప్పు