జనుము చల్లే ముందు ఒక మాట

చిరంజీవి మోహన్‌కు మామయ్య ఆశీస్సులు.

కలుపు మందు కొట్టించి మామిడి చెట్ల మధ్య నేలను అద్దంలా ఉంచావని మీ అమ్మ మురిసిపోతూ చెప్పింది. నాకు మాత్రం మనసొప్పలేదు. మన పాకాల వైపు ఎర్ర నేల, పైగా నీ తోట వాలు. మొన్నటి వానకు చెరువులోకి దిగిన నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చూశావా? ఆ ఎరుపంతా నీ తోటదే.

జూలైలో తోతాపురి కాయ దిగిపోగానే, మంచి పదును చూసి జనుము చల్లు. అది పచ్చిరొట్ట పైరు; నేలను కప్పి ఉంచుతుంది, తర్వాత దున్నేస్తే ఎరువవుతుంది. ఎకరాకు 12 నుంచి 15 కిలోలు చాలు. చెట్ల మొదళ్ల చుట్టూ నాలుగైదు అడుగులు వదిలెయ్యి. కిందివైపు నీరు నిలిచే కయ్యకు జనుము పనికిరాదు, అక్కడ జీలుగ వెయ్యి. విత్తనానికి రైజోబియం, అంటే వేళ్లకు నత్రజని అందించే సూక్ష్మజీవుల పొడి, పట్టించాలంటే బెల్లం నీళ్లు కావాలి; ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లం, బెల్లానికి వెతుక్కోవాలా! పట్టించాక నీడలోనే ఆరబెట్టు.

నెల దాటాక ఒక మొక్కను పారతో మట్టిగడ్డతో సహా లేపు. చేత్తో పీకితే వేళ్ల మీది బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. ఒక బుడిపెను గోటితో చీల్చు. లోపల లేత ఎరుపు కనిపిస్తే గాలిలోని నత్రజనిని పట్టి పెడుతున్నట్టే.

అసలు సంగతి కలియదున్నడం. 45, 50 రోజులకు పూత మొదలవుతుంది, అప్పుడే దున్నాలి. ఒక ఏడాది ఆ పసుపు పూలు చూసి, ఇంకా పెరిగితే ఇంకా ఎరువు కదా అని మూడు వారాలు ఆగాను. జనుమంటే నార పంట అన్న సంగతే మరిచాను. రోటవేటరు కత్తులకు తాళ్లలా చుట్టేసింది. ట్రాక్టరు అబ్బాయీ నేనూ కొడవళ్లు పట్టుకుని పొద్దు వాలేదాకా కోస్తూ కూర్చున్నాం. మీ అత్త ఇప్పటికీ ప్రతి పెళ్లిలో ఈ కథ చెబుతుంది.

లోతుగా దున్నించకు, మామిడి పీచువేళ్లు పైపైనే ఉంటాయి. వాలు ఎక్కువున్న పై భాగంలో అసలు దున్నవద్దు, కోసి అక్కడే పరిచెయ్యి. అక్టోబరులో ఈశాన్య వానలు దంచేటప్పుడు నేల మీద ఆ కప్పు ఉండాలి.

విత్తనాలకు రైతు సేవా కేంద్రంలో ముందే అడిగి పెట్టు. ట్రాక్టరూ అంతే, పూత వచ్చాక వెతుక్కుంటే వారం పోతుంది.

మీ మామయ్య