కాటా ఎటు తిరిగి ఉందో ముందు చూడు

తల్లీ,

నీ ఉత్తరం అందింది. ఊళ్ళో ఉత్పత్తిదారులంతా కలిసి సంఘం పెట్టుకున్నారని, దాని బాధ్యత నీ మీద పెట్టారని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. "పెద్దమ్మా, బయట అంత పెద్ద కంపెనీలు ఉన్నాయి కదా, మనలాంటి చిన్న ఊరు వాటి ముందు ఎలా నిలబడుతుంది? ఏ పనితో మొదలుపెట్టాలి?" అని అడిగావు. ఉద్యోగమంతా సహకార సంఘాల లెక్కలు చూడటంలోనే గడిపాను. అందుకే ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. అవే రాస్తున్నాను.

ఏ సంఘానికి వెళ్ళినా నేను ముందు ఆఫీసు గదిలో కూర్చునేదాన్ని కాదు. సరుకు దించుకునే చోటికి వెళ్ళి, కాటా ఎటు తిరిగి ఉందో చూసేదాన్ని. అంకెలు సరుకు తెచ్చిన మనిషికి కనబడుతున్నాయా, గుమాస్తాకి మాత్రమే కనబడుతున్నాయా? రెండోదైతే ఆ సంఘం పుస్తకాలు ఎంత శుభ్రంగా ఉన్నా నాకు నమ్మకం కలిగేది కాదు. గుమాస్తా ఒక అంకె చెబుతాడు, తరుగు పేరుతో కొంత కోస్తాడు, చీటీ రాసిస్తాడు. తెచ్చినవాడు నోరెత్తడు. నోరెత్తకుండా రెండోసారి వచ్చేటప్పుడు అడుగున నాసిరకం, పైన మేలురకం పోసుకొస్తాడు. వాడిని తప్పుపట్టి ఏం లాభం? సంఘం తనని మోసం చేస్తోందని అనుకున్న మనిషి తన లెక్క తాను సరిచూసుకుంటున్నాడు, అంతే. ఆ బస్తా బయటి వ్యాపారి దగ్గర విప్పినప్పుడు పోయేది మాత్రం ఊరి పేరు.

పోటీలో నిలబడటమంటే నా దృష్టిలో ఇదే: ఎక్కడో ఉన్న కొనుగోలుదారు బస్తా విప్పి చూడకుండానే మనల్ని నమ్మాలి. ఊళ్ళో ఒకరినొకరు నమ్మని సంఘం బయటివాడి నమ్మకాన్ని సంపాదించలేదు.

పాల కథ చెబుతాను, విను. ఒకప్పుడు చాలా దేశాల్లో డెయిరీలు పాలను తూకం మీదే కొనేవి. చిక్కటి పాలు పోసినవాడికీ, నీళ్ళు కలిపినవాడికీ, మీగడ తీసేసి పోసినవాడికీ ఒకటే డబ్బు. నిజాయితీగా ఉన్నవాడే నష్టపోయేవాడు. 1890లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే శాస్త్రవేత్త ఒక పరీక్ష కనిపెట్టాడు. సన్నటి మెడ ఉన్న సీసాలో కొలిచిన పాలు పోసి, అందులో గంధకామ్లం కలుపుతారు. సీసాను గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి తిప్పి, వేడినీళ్ళు పోస్తారు. పాలలోని వెన్న అంతా తేలి మెడలోకి వచ్చి నిలుస్తుంది. మెడ మీద గీతలుంటాయి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా వెన్న ఉందో గీతలు చూసి చదవడమే. యజమాని చదివినా, పాలు పోసినవాడు చదివినా వచ్చేది ఒకటే అంకె. ఆ పరీక్ష మీద బాబ్‌కాక్ పేటెంట్ కూడా తీసుకోలేదు, అందరికీ వదిలేశాడు.

ఆ సీసాతో దొంగలు పట్టుబడటం ఒక ఎత్తయితే, రైతుకు తన ఆవుల గురించి తనకే తెలియని సంగతి తెలియడం మరో ఎత్తు. ఏ ఆవు పాలలో వెన్న ఎక్కువ, ఏ మేత వేస్తే ఎంత మారింది, అన్నీ కంటికి కనబడ్డాయి. మంచి పాలకు మంచి ధర వస్తుందని తేలాక, బాగు చేసుకోమని ఎవరూ ఉపన్యాసాలు ఇవ్వాల్సిన అవసరం రాలేదు. నీ ఊరి సరుకు ఏదైనా సరే, దానికి అలాంటి పరీక్ష ఏదో ఒకటి ఉంటుంది. తేమ కొలిచే మీటర్ కావచ్చు, జల్లెడ కావచ్చు, సైజు చూసే చట్రం కావచ్చు. అది అందరి ముందూ, అందరికీ ఒకేలా జరగాలి. నీ పెదనాన్న సరుకైనా సరే, చట్రంలో పట్టకపోతే పక్కన పెట్టాల్సిందే. మొదటి నెలలో నీకు అన్నిటికంటే కష్టమైన పని ఇదే అవుతుంది. అయినవాళ్ళే అలుగుతారు, అలగనీ.

డెన్మార్క్ సంగతి ఎందుకు తరచూ ఎత్తుతానో తెలుసా? 1870ల తర్వాత అమెరికా నుంచి, రష్యా నుంచి చవక ధాన్యం వచ్చి పడింది. యూరప్ రైతుల గింజలకు ధర పడిపోయింది. దిగుమతుల మీద సుంకాలు వేసి చాలా దేశాలు తలుపులు మూసుకున్నాయి. డెన్మార్క్ రైతులు గింజలు అమ్మడం తగ్గించి, ఆ చవక గింజలనే పశువులకు మేపి, వెన్న, పంది మాంసం అమ్మడం మొదలుపెట్టారు. అప్పటికి పెద్ద ఎస్టేట్ల వెన్నకే మంచి పేరుండేది. చిన్న రైతు వెన్న ఒకరోజు బాగుంటే మరోరోజు బాగుండేది కాదు. 1882లో యెడింగ్ అనే చోట రైతులు కలిసి సొంత డెయిరీ పెట్టుకున్నారు. పాల నుంచి మీగడను వేరుచేసే యంత్రం అప్పటికి నాలుగేళ్ళ కిందటే వచ్చింది. నాలుగు ఆవులున్నవాడి పాలూ, నలభై ఆవులున్నవాడి పాలూ ఒకే యంత్రంలో పడి ఒకే రకం వెన్న అయింది. ఆ పద్ధతి చూస్తుండగానే దేశమంతా పాకింది. 1901లో డెన్మార్క్ వెన్నకంతటికీ ఉమ్మడి ముద్ర కూడా పెట్టుకున్నారు.

వాళ్ళు పెట్టుకున్న షరతుల్లో రెండు నువ్వు నీ సంఘానికి తెచ్చుకోవాలి. ఇంటి వాడకానికి పోగా మిగిలిన పాలన్నీ డెయిరీకే పోయాలన్నది మొదటిది. రెండోది, ఆవులు ఎన్ని ఉన్నా మనిషికి ఒక్కటే ఓటు. మొదటి షరతు లేకపోతే ఏమవుతుందో నేను చాలాసార్లు చూశాను. సంఘం నాలుగు డబ్బులు చూడగానే ప్రైవేటు వ్యాపారి వచ్చి రెండు వారాలు ధర పెంచుతాడు. అందరూ అటు పరిగెడతారు. ఇక్కడ యంత్రం ఖాళీగా తిరుగుతుంది, ఒప్పుకున్న ఆర్డరు తప్పిపోతుంది, సంఘం మూతపడుతుంది. మూడో వారం వ్యాపారి ధర మళ్ళీ కిందికి వస్తుంది. దీనికి మందు ముందే రాసుకున్న ఒప్పందం, దానితోపాటు వెంటనే డబ్బు చేతికి అందడం. గుజరాత్‌లోని ఆనంద్‌లో 1946లో పుట్టిన పాల సహకార సంఘం నిలబడటానికి ఒక ముఖ్య కారణం, ఉదయం పోసిన పాలకు సాయంత్రం డబ్బిచ్చే పద్ధతి. నెలాఖరుకి ఎక్కువిస్తామంటే పేదవాడు ఆగలేడు, తల్లీ. దళారీ దగ్గరికి జనం వెళ్ళేది ధర కోసం మాత్రమే కాదు, అడిగినప్పుడు చేతిలో పెడతాడని. సంఘం ఆ పని చేయలేకపోతే ఎన్ని నీతులు చెప్పినా వినేవాళ్ళుండరు. అందుకని చేతిలో ఉన్న మూలధనంలో ఎక్కువ భాగం సరుకు డబ్బు చెల్లించడానికే ఉంచు.

ఇక ఏ సరుకు ఎంచుకోవాలని అడిగావు. "మన దగ్గర ఏం పండుతుంది?" అని కాకుండా, "మన దగ్గర ఉన్నవాటిలో దేనికి కొనేవాడున్నాడు, వాడికి అది ఎలా కావాలి?" అని మొదలుపెట్టు. జపాన్‌లో షికోకు ద్వీపంలో కమికత్సు అనే కొండ ఊరుంది. 1981లో విపరీతమైన చలికి అక్కడి నారింజ చెట్లు చచ్చిపోయాయి. పడుచువాళ్ళు అంతకు ముందు నుంచే వలస పోతున్నారు, ముసలివాళ్ళు మిగిలారు. సహకార సంఘంలో పనిచేసే యోకోయిషి అనే యువకుడు ఒక హోటల్‌లో, వంటకం పళ్ళెంలో అలంకారంగా పెట్టిన ఎర్రటి మేపుల్ ఆకును చూసి పక్క బల్ల దగ్గరి ఆడవాళ్ళు మురిసిపోవడం గమనించాడు. ఆ ఆకులు మా కొండ నిండా ఉన్నాయే అనుకున్నాడు. 1986లో పని మొదలైంది. మొదట్లో ఆకులు అమ్ముడుపోలేదు. అప్పుడతను సొంత జీతం డబ్బులతో పెద్ద పెద్ద హోటళ్ళకు వెళ్ళి భోజనం చేస్తూ, ఏ పళ్ళేనికి ఏ సైజు ఆకు పెడుతున్నారు, ఏ రుతువుకు ఎంత ముందుగా కావాలి అన్నవి నేర్చుకున్నాడు. తిరిగొచ్చి ముసలమ్మలకు చెప్పాడు. వాళ్ళు ఒకే సైజు, ఒకే రంగు ఆకులు ఏరి పెట్టెల్లో పేర్చడం నేర్చుకున్నారు. తర్వాత కంప్యూటర్లో ఆర్డర్లు చూసుకోవడం కూడా పట్టుబడింది. ఆకు అక్కడ ఎప్పటి నుంచో ఉంది. పళ్ళెం సైజు తెలిసిన తర్వాతే దానికి ధర పలికింది.

అదే దేశంలో ఒయిటా ప్రాంతంలోని ఒయామా అనే ఊరు 1961లో, ప్రభుత్వం వరి పెంచమని చెబుతున్న రోజుల్లో, మా కొండ నేలకు వరి కుదరదని ప్లమ్, చెస్ట్‌నట్ చెట్లు నాటింది. "ప్లమ్‌లు, చెస్ట్‌నట్‌లు నాటుదాం, హవాయి వెళ్దాం" అన్నది వాళ్ళ నినాదం, అంటే ఆ పళ్ళమ్మిన డబ్బుతో హవాయి దీవులకు విహారానికి పోదామని. 1979లో ఆ ప్రాంత గవర్నర్ హిరామత్సు ఇలాంటి ఊళ్ళను చూసే "ఒక ఊరు, ఒక ఉత్పత్తి" ఉద్యమం మొదలుపెట్టాడు. దాన్ని చాలా దేశాలు అనుకరించాయి. చాలాచోట్ల ఉత్పత్తి పేరు పై ఆఫీసులో నిర్ణయమైంది. నీ దగ్గర అలా జరగనివ్వకు. ఏ సరుకో ఊరే తేల్చుకోవాలి. అలా తేల్చుకున్నదైతేనే, రెండేళ్ళు కలిసిరాకపోయినా ఓర్చుకుంటారు.

ఊళ్ళోకి డబ్బు తెచ్చే ఆత్రంలో, ఊళ్ళోంచి పోతున్న డబ్బు మరిచిపోకు. చిల్లుల కుండలో ఎన్ని బిందెలు పోస్తే ఏం నిలుస్తుంది? విత్తనం, ఎరువు, ప్యాకింగ్ సంచి, రవాణా, మరమ్మతు, వడ్డీ, వీటన్నిటికీ ఏడాదికి ఎంత బయటికి పోతోందో ఒక కాగితం మీద వేయి. అంతా కలిసి ఒకేసారి కొంటే ఎంత మిగులుతుందో, ఏ మరమ్మతు మన పిల్లలే నేర్చుకోగలరో చూడు. కొత్త కొనుగోలుదారు దొరికేలోపే కొంత లాభం ఇక్కడే దొరుకుతుంది.

నేర్పించే విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. స్పెయిన్‌లోని మోండ్రాగాన్‌లో ఒక పాదిరీ 1943లో చిన్న సాంకేతిక పాఠశాల పెట్టాడు. ఆ బడిలో చదివినవాళ్ళు తమ మొదటి సహకార కర్మాగారం పెట్టింది 1956లో. మధ్యలో పదమూడేళ్ళు. అంతకాలం ఆగమని నిన్ను అనడం లేదు. కానీ యంత్రం కొనే ముందు దాన్ని నడిపే, విప్పి బిగించే ఇద్దరు మనుషులు నీ దగ్గర తయారై ఉండాలి. వాళ్ళలో ఒకరు ఆడపిల్ల అయితే మరీ మంచిది. పెళ్ళయి వెళ్ళిపోతుంది కదా అనేవాళ్ళకు, మగపిల్లలు ఉద్యోగానికి వెళ్ళిపోవడం లేదా అని జవాబు చెప్పు.

మేనేజర్‌గా చుట్టాన్ని పెట్టుకోకు. బయటివాణ్ణి తెచ్చుకుని మంచి జీతం ఇవ్వు. తక్కువ జీతానికి దొరికే నమ్మకస్తుడు అన్నమాట నాకు ఎప్పుడూ నచ్చదు. నమ్మకస్తుడికీ ఇల్లు గడవాలి కదా. లెక్కలు నెలకోసారి సభ్యుల ముందు బిగ్గరగా చదవాలి, చదువురానివాళ్ళకు అర్థమయ్యే మాటల్లో. మొత్తం సరుకు ఒకే కంపెనీకి కట్టబెట్టకు. మొదట హాయిగానే ఉంటుంది, మరుసటేడు ధర వాళ్ళే చెబుతారు.

ఇంకో సంగతి. సరుకుకు గిరాకీ పెరిగితే అందరూ అదే వేస్తారు. నీళ్ళ మీద, అడవి మీద, మేత భూమి మీద బరువు పడుతుంది. ఉమ్మడి వనరులను జనమే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని ఎన్నో దేశాల ఊళ్ళను పరిశీలించి చూపించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. వాడుకునేవాళ్ళే నియమం పెట్టుకోవాలి, వాళ్ళే కాపలా కాయాలి, తప్పు చేస్తే మొదట చిన్న జరిమానాతో సరిపెట్టాలి. ఇవన్నీ ఆమె చూసిన ఊళ్ళలో పనిచేసిన పద్ధతులే. గిరాకీ రాకముందే ఈ నియమాలు రాసుకోండి. డబ్బు కళ్ళజూశాక రాయబోతే ఎవరూ ఒప్పుకోరు.

చివరగా, సబ్సిడీ వస్తోంది కాబట్టి శీతల గిడ్డంగి కట్టమంటున్నారని, ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉందని రాశావు. ఈ ఏడాది వద్దు. సబ్సిడీ కట్టేటప్పుడే వస్తుంది, కరెంటు బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. ఒక్క సీజన్ పాటు ఎంత సరుకు వచ్చింది, ఎంత వెనక్కి పంపాం, ఎందుకు పంపాం, ఎంత అమ్ముడుపోక చెడిపోయింది అని రోజూ రాయించు. చెడిపోయిన సరుకు విలువ గిడ్డంగి ఏడాది ఖర్చును మించితే అప్పుడు ఆలోచిద్దాం. అంతవరకు గట్టిగా అడిగేవాళ్ళకు నా పేరు చెప్పు, పెద్దమ్మ వద్దంది అని. మొదటి నెల పుస్తకం నకలు నాకు పంపించు. అందులో వెనక్కి పంపిన సరుకు పేజీ ఖాళీగా ఉంటే మాత్రం నేనే బయలుదేరి వస్తాను.

అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ