చలికాలంలో దేవ్‌మాలి ఎక్కితే స్నో చూడొచ్చా?

చూడలేరు, కొరాపుట్ జిల్లాలోని దేవ్‌మాలి మీద స్నో పడదు, జనవరి తెల్లవారుజామున గడ్డి మీద తెల్లగా కనిపించేది రాత్రికి రాత్రి గడ్డకట్టిన తేమ.

స్నో పడాలంటే మేఘం కావాలి, అక్కడి నుంచి నేల దాకా గాలి దాదాపు సున్నా డిగ్రీల్లో లేదా అంతకంటే చల్లగా ఉండాలి. దేవ్‌మాలి ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరమే, కానీ 1,672 మీటర్లే, పైగా ఉష్ణమండలం. ఇక్కడ చలి ముదిరేది మబ్బులేని రాత్రుల్లో: నేల వేడంతా పైకి పోతుంది, గాలి రెండు మూడు డిగ్రీల్లో ఉన్నా గడ్డిపరక సున్నాకి దిగి దాని మీది తేమ గడ్డకడుతుంది. చల్లగాలి బరువు కదా, కిందికి జారుతుంది, అందుకే ఒక్కోసారి శిఖరం కంటే లోయలోనే ఈ తెలుపు ఎక్కువ.

ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ చూడండి, సుమారు 3,800 మీటర్లు, చలికాలంలో పడమటి నుంచి వచ్చే వాతావరణ అలజడులు తేమను మోసుకొస్తాయి కాబట్టి అక్కడ నిజంగానే స్నోలో నడుస్తారు.

రాయగడ, జయపురం వైపు మనవాళ్లు చాలామంది ఇంకాస్త చలి ముదిరితే దేవ్‌మాలి మీదా పడుతుందనుకుంటారు. చలి ఒక్కటే చాలదు, మబ్బు పట్టిన రాత్రి ఇక్కడ చలే తగ్గిపోతుంది. స్నో బూట్లకి డబ్బు తగలేయకండి, స్వెటర్, మంకీ క్యాప్, టార్చి చాలు, కాకపోతే ఎండ రాకముందే చేరుకోండి.