ప్రేమ నవల మొదలుపెట్టిన అమ్మాయికి

చిరంజీవికి,

ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, నవల మొదటి మూడు అధ్యాయాలూ అందాయి. ఉత్తరంలో నన్ను ‘అమ్మా’ అని పిలిచావు కాబట్టి నేనూ చనువు తీసుకుని నువ్వు అనే రాస్తున్నాను. అధ్యాయాలు రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే పాఠకురాలిగా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని.

నువ్వు రెండు సంగతులు అడిగావు. ఇంతవరకు ఎవరినీ ప్రేమించలేదు, ప్రేమ నవల రాయొచ్చా అన్నది ఒకటి. మూడో అధ్యాయం తర్వాత ఏమీ తోచడం లేదు, ప్రేరణ ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి అన్నది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నదే, రాయొచ్చు. ఒకరి కోసం ఎదురుచూడటం నీకు తెలుసు. ఒకరి మెప్పు కోసం మనసు కొట్టుకులాడటం తెలుసు. చెప్పాలనుకున్న మాట గొంతు దాకా వచ్చి ఆగిపోవడం తెలుసు. ఇవి తెలియని మనిషి ఉండడు. ఎన్నోసార్లు ప్రేమలో పడ్డవాళ్లు కూడా వీటితోనే రాస్తారు. రెండో ప్రశ్నకు మాత్రం కాస్త తీరిగ్గా చెప్పాలి.

చాలా ఏళ్ల కిందట ఒక ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నాను. నాకెదురుగా ఒక పెద్దాయన. లోపల ఆయన భార్యకు ఆపరేషన్ జరుగుతోంది. ఆమె కళ్లజోడు ఆయన చేతిలో ఉంది. జేబులోంచి రుమాలు తీసి అద్దాలు తుడిచేవాడు, వెలుతురుకెత్తి చూసేవాడు, మళ్లీ తుడిచేవాడు. అలా రెండు గంటలు. ఎవరితోనూ మాట్లాడలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి నోటుబుక్కులో ఒక్క వాక్యం రాసుకున్నాను. ‘ఆమె కళ్లు తెరిచేసరికి అద్దాలు శుభ్రంగా ఉండాలని తుడుస్తున్నాడు.’

ఆ వాక్యం నాలుగేళ్లు అలాగే పడి ఉంది. ఒకరోజు పాత పేజీలు తిరగేస్తుంటే మళ్లీ కనపడింది. ఈసారి ప్రశ్నలు వచ్చాయి. ఈ అలవాటు ఆయనకు ఎప్పటినుంచి? పెళ్లికి ముందునుంచే ఉందా? ఆమెకు తెలుసా? తన అద్దాలు తుడిచేదెవరో ఆమెకు తెలియకపోతే? ఆ చివరి ప్రశ్న దగ్గర నాకు ఒళ్లు జలదరించింది. చదివేటప్పుడు మాత్రమే పెట్టుకునే కళ్లజోడుని ఆఫీసు బల్ల మీదే వదిలేసి వెళ్లే ఒక అమ్మాయి. పొద్దున వచ్చేసరికి అద్దాలు తుడిచి ఉంటాయి. ఆ ఆఫీసులో ఆమెకు ఒకతనితో అస్సలు పడదు. అక్కణ్నుంచి నవల నడిచింది. చివరికి అచ్చయిన పుస్తకంలో ఆసుపత్రి లేదు, పెద్దాయనా లేడు. కళ్లజోడు ఒక్కటే మిగిలింది.

ప్రేరణ కోసం కొండలెక్కడం, సముద్రపు ఒడ్డుకు వెళ్లడం తప్పని నేననను. వెళ్తే మనసుకు హాయిగా ఉంటుంది. కానీ నా నవలలన్నీ ఇలాంటి చిన్న చిన్న పనుల దగ్గరే పుట్టాయి. అందుకే నీకు నోటుబుక్కు అలవాటు కావాలి. అందులో ఏం రాసుకోవాలో కూడా చెప్తాను. ‘ఆమె బాధపడింది’ అని రాసుకుంటే ఏడాది తర్వాత ఆ పేజీ నీతో మాట్లాడదు. ‘ఫోను మూడుసార్లు తీసి చూసి, నాలుగోసారి బోర్లా పెట్టింది’ అని రాసుకో. చేతులు ఏం చేశాయో రాయి. ఎవరి ఫోను వస్తే ఎవరి గొంతు మారిందో రాయి. గుంపులో నడుస్తూ ఎవరు ఎవరి కోసం అడుగు తగ్గించారో రాయి. కారణం నువ్వు తర్వాత ఊహించుకోవచ్చు. ఆ అడుగు తగ్గడం మాత్రం ఊహకు అందదు, కళ్లతో చూడాల్సిందే.

ఇక్కడ ఒక బాధ కూడా చెప్పాలి. నా రెండో నవలలో ఒక స్నేహితురాలి కథ వాడుకున్నాను. పేరు మార్చాను, ఉద్యోగం మార్చాను, సరిపోతుందనుకున్నాను. ఆమె ఒక రాత్రి నన్ను నమ్మి చెప్పుకున్న మాటలు యథాతథంగా ఆ నాయిక నోట్లో పెట్టాను. పుస్తకం చదివి ఆమె ఏమీ అనలేదు. నాకు ఫోను చేయడం మానేసింది, అంతే. ఆ పుస్తకానికి మంచి పేరే వచ్చింది. ఇప్పటికీ ఆ పేజీ దగ్గరకు వస్తే తల వంచుకుంటాను. అపరిచితుల దగ్గర చూసింది వాడుకో, నీ సొంత గుండెలోంచి ఎంతైనా తీసుకో. నమ్మి చెప్పిన మాటను మాత్రం అడగకుండా తీసుకోవద్దు.

సరే, నీ అధ్యాయాల సంగతికి వద్దాం. నీ భాష బాగుంది. వాక్యం సాఫీగా నడుస్తుంది, అది నేర్పితే వచ్చేది కాదు. కానీ మూడు అధ్యాయాల్లో నాయకుడి గుండె పదకొండుసార్లు వేగంగా కొట్టుకుంది. లెక్కపెట్టాను. నాయిక నాలుగుసార్లు సిగ్గుపడింది. ఇవి తప్ప వాళ్లిద్దరికీ వేరే భావమే లేదు.

మన అలంకారశాస్త్రాన్ని పరీక్షల కోసం చదివి వదిలేసే పాఠంలా చూస్తారు చాలామంది. నాకది పనిముట్ల పెట్టె. భరతుడు నాట్యశాస్త్రంలో శృంగారానికి స్థాయి, అంటే అడుగున నిలిచి ఉండే భావం, రతి అని చెప్పి ఊరుకోలేదు. స్థాయి చుట్టూ వచ్చిపోయే వ్యభిచారి భావాలు ముప్పై మూడు లెక్కపెట్టాడు. శంక, అసూయ, గర్వం, దైన్యం, వితర్కం, చపలత, విషాదం, ఔత్సుక్యం... ఆ జాబితా ఒక కాగితం మీద రాసి నీ బల్ల ముందు అంటించుకో. ప్రేమలో ఉన్న మనిషి ఒక్క పూటలో వీటిలో ఆరేడు దాటుకుని వస్తాడు. నీ నాయకుడికి గర్వం ఎక్కడ? ఆ అమ్మాయి వేరే ఎవరితోనో నవ్వుతూ మాట్లాడితే అతనికి అసూయ కలిగిందా? కలిగినందుకు తనమీద తనకే చిరాకు వేసిందా?

ఆ ముప్పై మూడింటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అవహిత్థం. ఉన్న భావాన్ని దాచిపెట్టడం. సంతోషం ముఖంలో కనపడకుండా పక్కకు తిరిగి పుస్తకాలు సర్దడం, ఏడుపు వస్తుంటే కళ్లలో దుమ్ము పడిందనడం. నా అనుభవంలో ప్రేమ నవలను మొదటి పేజీనుంచి చివరి పేజీ దాకా మోసేది ఇదే. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు ఏదో దాస్తున్నారు, పాఠకురాలికి మాత్రం రెండూ కనపడుతున్నాయి. అప్పుడే ఆమె దీపం ఆర్పకుండా ఇంకో అధ్యాయం చదువుతుంది. నువ్వు ‘అతనికి ఆమె మీద ప్రేమ కలిగింది’ అని రాసిన ప్రతిచోటా ఆగి, దాన్ని అతను ఎలా దాచాడో రాసి చూడు. ఒక వాక్యం ఉన్నచోట ఒక సన్నివేశం పుడుతుంది. నీకు తోచడం లేదన్నావే, ఆ తోచకపోవడం సగం అక్కడే తీరిపోతుంది.

భరతుడు ఇంకో మాట కూడా అన్నాడు. శృంగారంలో మిగతావి రావచ్చు గాని ఆలస్యం, ఉగ్రత, జుగుప్స మాత్రం పనికిరావన్నాడు. ఆలస్యమంటే ఇక్కడ బద్ధకం, ఎదుటి మనిషి పట్ల ఉదాసీనత అనుకో. ఉగ్రతంటే క్రూరత్వం. అది చదివినప్పుడు నీ మూడో అధ్యాయం గుర్తొచ్చింది. అందులో నాయకుడు ఆమె చెయ్యి విరిచి పట్టుకుని ‘నువ్వు నాదానివే’ అంటాడు. ఆమె మొదట భయపడి, తర్వాత కరిగిపోతుంది. ఇలాంటి సన్నివేశాలు నువ్వు ఎన్నో చదివి ఉంటావు, అందుకే చెయ్యి తనంతట తాను రాసేసింది. తీసెయ్యమ్మా. వెంటపడటం, బెదిరించడం, వద్దన్నా వినకపోవడం ప్రేమకు గుర్తులని నమ్మి పెరిగిన ఆడపిల్లలు ఉన్నారు. మనం రాసింది చదివే నమ్మారు. నీ నాయకుడు ఆమె వద్దన్నచోట ఆగితే అతని బలం తగ్గదు. ఆగి, ఆ తర్వాత ఏం చేస్తాడో రాయడం కష్టం, కాబట్టే చాలామంది రాయరు. దగ్గరితనం రాసేటప్పుడూ ఇంతే, ఇద్దరి ఇష్టమూ పేజీ మీద కనపడాలి.

ఇక అడ్డంకి సంగతి. నీ కథలో ఇద్దరికీ మధ్య ఉన్నది పెద్దల అభ్యంతరం ఒక్కటే. నిన్ను ఒకటి అడుగుతాను. రేపు పొద్దున పెద్దలంతా సరేనంటే వాళ్లిద్దరి మధ్య ఇంకేం మిగులుతుంది? ఏమీ మిగలదంటే నీ చేతిలో ఉన్నది నవలకు చాలదు. నా మొదటి నవలకు జరిగింది ఇదే. ఒక సంపాదకుడు దాన్ని తిప్పి పంపుతూ చివరి పేజీ వెనక రాశాడు, ‘వీళ్లిద్దరూ ఒక్క ఫోను మాట్లాడుకుంటే ఇది పదో పేజీలో అయిపోతుంది’ అని. వారం రోజులు అన్నం సయించలేదు. కానీ ఆ మాట నిజం. బయటి అడ్డంకి ఉండొచ్చు, ఉంటే మంచిదే. దానికి తోడు లోపల ఒకటి ఉండాలి. ఒకసారి మోసపోయి ఇక ఎవరినీ నమ్మకూడదనుకున్న మనిషి, తను ఎవరికీ తగనని చిన్నప్పుడే ఎవరో నూరిపోయగా నమ్మిన మనిషి, సాయం అడగడమే చేతకాని మనిషి. ఆ లోపలి ముడి విప్పగలిగేది ఎదుటివాళ్ల ప్రేమ ఒక్కటే కాదు, ఆ ముడి ఉన్న మనిషి కూడా కాస్త మారాలి.

ప్రేమ నవలలో ముగింపు సుఖాంతమని పాఠకురాలికి ముందే తెలుసు. ఆ నమ్మకంతోనే పుస్తకం చేతిలోకి తీసుకుంటుంది, దాన్ని నిలబెట్టు. కలుస్తారా లేదా అన్న టెన్షన్ కన్నా ఎలా కలుస్తారన్న ఆత్రం ఆమెను ముందుకు లాగాలి. ఈ ‘ఎలా’ కోసం ఎంత కష్టపడొచ్చో తెలియాలంటే ఇంగ్లిష్ నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ చేసిన పని చూడు. ‘పర్సుయేషన్’ నవలను ఆమె 1816 జులైలో ముగించింది. ఎనిమిదేళ్లకు పైగా విడిపోయి ఉన్న ఇద్దరు మళ్లీ కలుసుకునే కథ. మొదట రాసిన ముగింపులో ఒక పెద్దమనిషి నాయకుణ్ని పురమాయిస్తాడు, నాయిక ఫలానా అతన్ని పెళ్లాడబోతోందట, నిజమో కాదో కనుక్కో అని. అతను అడుగుతాడు, ఆమె కాదంటుంది, ఇద్దరికీ విషయం అర్థమవుతుంది. కథ ముగిసింది, లోపమేమీ లేదు. అయినా ఆస్టెన్‌కు తృప్తి కలగలేదు. ఆరోగ్యం దెబ్బతింటున్న రోజుల్లో మళ్లీ కూర్చుని ఆ ఘట్టాన్ని పూర్తిగా మార్చేసింది. కొత్తదాంట్లో నాయకుడు అదే గదిలో బల్ల దగ్గర ఏదో ఉత్తరం రాస్తుంటాడు. ఆమె ఇంకొకరితో మాట్లాడుతుంటుంది, ఆశ పోయాక కూడా ఎక్కువకాలం ప్రేమించేది మగవాళ్లా ఆడవాళ్లా అని. అతనికి వినపడుతుంది. రాస్తున్న దాని చాటున ఆమెకే ఇంకో ఉత్తరం రాసి వదిలి వెళ్తాడు.

రెండిటి తేడా నిదానంగా ఆలోచించు. మొదటిదాంట్లో ఇద్దర్నీ మూడో మనిషి ఎదురెదురుగా తెచ్చి నిలబెట్టాడు. రెండోదాంట్లో ఆమె తన మనసు తానే బయటపెట్టింది, అతను తన గర్వం తానే వదులుకున్నాడు. ఇన్నేళ్లు దాచింది ఇద్దరూ తమంతట తామే విప్పారు. ఆస్టెన్ వద్దనుకున్న ఆ పాత అధ్యాయాల రాతప్రతి ఇప్పటికీ ఉంది. ఆమె ఆరు ప్రసిద్ధ నవలలకు సంబంధించి మిగిలిన రాతప్రతి అదొక్కటే. నవల 1817 చివర్లో వెలువడేసరికి ఆమె లేదు. నాకు ఓపిక చాలనప్పుడల్లా ఆ పేజీల్ని తలుచుకుంటాను.

రాసే పద్ధతి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 50,000 మాటల నవలనుకో, రోజుకు 500 మాటలు రాస్తే 100 రోజులు. మనసు బాగున్న రోజూ రాయి, బాగోలేని రోజూ రాయి. నెల తర్వాత చదివితే ఏది ఏ రోజు రాశావో నీకే తెలియదు. సన్నివేశం పూర్తయ్యాక లేవకు, మధ్యలో, తర్వాత మాట ఏమిటో తెలిసిన చోట ఆపి లే. మర్నాడు కూర్చోగానే చెయ్యి కదులుతుంది. అధ్యాయాలు వరసలోనే రాయాలని కూడా లేదు. వాళ్లిద్దరి పెద్ద గొడవ నీ తలలో ఇప్పటికే తిరుగుతుంటే అదే ముందు రాసెయ్. మన అలంకారశాస్త్రంలో అష్టవిధ నాయికలని చెప్పారు, వాళ్లలో కలహాంతరిత ఉంది చూడు, కోపంలో అతన్ని పొమ్మని, పోయాక పశ్చాత్తాపపడే స్త్రీ. ఆ వెళ్లగొట్టడానికీ ఆ పశ్చాత్తాపానికీ మధ్య ఉన్న గంట రాయి. నీ నాయిక ఎవరో నీకు అక్కడ తెలుస్తుంది.

నీ రెండో అధ్యాయంలో వానకు ఇద్దరూ ఒకే చూరు కింద అరగంట నిలబడతారు. నువ్వు దాన్ని నాలుగు వాక్యాల్లో దాటేశావు. మూడు అధ్యాయాల్లోకీ నాకు బాగా నచ్చింది ఆ చోటే, ఎందుకంటే అతని సంచిలో గొడుగు ఉందని నువ్వు ముందు పేజీలో రాశావు. రాసి మరిచిపోయావేమో తెలియదు గానీ, అతను ఆ గొడుగు బయటికి తీయలేదు. ఆ అరగంటా మళ్లీ రాసి నాకు పంపు, పదిహేను పేజీలు వచ్చినా పర్వాలేదు. ఎదురుచూస్తుంటాను.

ప్రేమతో,
నువ్వు ‘అమ్మా’ అని పిలిచిన రచయిత్రి