మందు మానావు సరే, సిగరెట్టు సంగతేమిటి?

చిరంజీవి రఘుకు, మామయ్య ఆశీస్సులు.

మందు మానేశానని రాశావు. ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను. కానీ ఉత్తరమంతా వెతికినా సిగరెట్టు ఊసే లేదు. ఊసెత్తలేదంటే ఇంకా కాలుస్తున్నావనే అర్థం. ఒకప్పుడు నేనూ అలాగే దాటవేసేవాణ్ని.

క్లోమం, అదే ప్యాంక్రియాస్, పాడవడానికి మద్యమొక్కటే కారణమనుకుని, సీసా వదిలేశాక కూడా నాలుగేళ్లు అగ్గిపెట్టె జేబులోనే పెట్టుకు తిరిగాను. మందు ముట్టనివాళ్లకు కూడా పొగ వల్ల క్లోమానికి దీర్ఘకాలిక వాపు రావచ్చు. రెండూ కలిస్తే జబ్బు మరింత వేగంగా ముదురుతుంది. క్లోమ క్యాన్సర్ ముప్పు పొగ తాగేవాళ్లకు దాదాపు రెట్టింపు. ‘రోజుకు రెండే కదా’ అని మాత్రం అనకు. ఆ మాట నేనూ డాక్టరు దగ్గర అని చూశాను, ఆయన నవ్వనైనా నవ్వలేదు.

ఈ క్లోమం తీరే వేరు. పొట్ట వెనక అడ్డంగా, సుమారు 15 సెంటీమీటర్ల పొడవున నక్కి ఉంటుంది. అందులో ఊరే జీర్ణరసాలు పేగులోకి చేరాకే పని మొదలుపెట్టాలి. లోపలుండగానే మొదలుపెడితే క్లోమాన్నే అరిగించేస్తాయి. మళ్లీ మళ్లీ అలా జరిగితే అక్కడ మచ్చకట్టి గట్టిపడుతుంది, ఆ భాగం ఇక మామూలు కాదు. ఇన్సులిన్ తయారయ్యేదీ అక్కడే కాబట్టి అరుగుదల దెబ్బతిన్న తర్వాత షుగరు కూడా రావచ్చు. నాకు వచ్చింది.

తిండి గురించి నీకు పెద్దగా చెప్పక్కర్లేదు. నూనె తగ్గించు, ఒక్కపూటే పీకలదాకా తినకు. రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలోని ఒక రకం కొవ్వు, మాత్రం చూపించుకో. అవి డెసిలీటరుకు 1000 మిల్లీగ్రాములు దాటితే క్లోమానికి ఉన్నట్టుండి వాపు వచ్చే ప్రమాదం బాగా పెరుగుతుంది. బరువు తగ్గాలనుకోవడం మంచిదే, కానీ నెల తిరిగేసరికి సన్నబడాలని కడుపు మాడ్చుకోకు. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు పుడతాయి. అందులో ఒకటి జారి క్లోమరసం దారికి అడ్డుపడితే ఆసుపత్రి పాలవుతావు. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడువు, చాలు. క్లోమాన్ని శుభ్రం చేస్తామంటూ అమ్మే పొడుల జోలికి వెళ్లకు, డబ్బు దండగ.

పైపొట్టలో నొప్పి పుట్టి వెన్నులోకి పాకినా, మలం జిడ్డుగా నీళ్లపై తేలుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకో. నొప్పి మాత్ర వేసుకుని రోజులు నెట్టింది నేనే, ఆ తెలివి నీకొద్దు.

సిగరెట్టు నాకు మూడో ప్రయత్నంలో గానీ వదల్లేదు. ఆ మూడోసారి డాక్టరునడిగి నికోటిన్ గమ్ వాడాను. రెండుసార్లు ఓడిపోయానని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. ఎప్పుడు మానాలో ఒక తేదీ పెట్టుకో. వచ్చే ఉత్తరంలో ఆ తేదీ ఒక్కటి రాసినా చాలు.

మీ మామయ్య