స్కోప్ తెర మీద 50 కిలోహెర్ట్జ్ పల్సు 200 హెర్ట్జ్‌గా ఎందుకు కనిపిస్తుంది?

ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) బోర్డులో స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్ గేటు దగ్గర దాదాపు 50 కిలోహెర్ట్జ్ పల్సు రావలసి ఉండగా డిజిటల్ స్కోప్‌లో (సిగ్నల్‌ను తెర మీద అలగా చూపే ఆసిలోస్కోప్) 200 హెర్ట్జ్ స్క్వేర్ వేవ్ కనిపిస్తోందని, చెడిపోయింది స్కోపా, పల్సు ఇచ్చే ఐసీయా అని అడిగారు. రెండూ బాగానే ఉండవచ్చు. దేన్నీ విప్పకముందే టైమ్‌బేస్ నాబ్ (తెర మీద ఒక్కో గడికి ఎంత సమయమో నిర్ణయించేది) తిప్పి చూడండి.

హనుమకొండలో ఇన్వర్టర్లు, చార్జర్లు బాగుచేసే నాకు, ఒక రైతు తెచ్చిన బ్యాటరీ స్ప్రేయర్ చార్జర్ విషయంలో అచ్చంగా ఇదే ఎదురైంది. గడికి 5 మిల్లీసెకన్ల దగ్గర ఒక్కో గడిలో ఒక్కో పల్సు చొప్పున చక్కగా కనిపించింది. ఆసిలేటర్ నెమ్మదించిందనుకుని టైమింగ్ కెపాసిటర్ మార్చాను; 200 హెర్ట్జ్ కాస్తా 700 అయ్యేసరికి లోపం అక్కడే ఉందని మరింత గట్టిగా నమ్మి ఐసీ కూడా మార్చాను. రెండు రోజులు వృథా అయ్యాయి.

అసలు లెక్క ఇది. నా స్కోప్ మెమరీ 2500 పాయింట్లు, తెర మీద అడ్డంగా 10 గడులు. గడికి 5 మిల్లీసెకన్లంటే మొత్తం 50 మిల్లీసెకన్లు. దాన్ని 2500 పాయింట్లకు పంచితే సెకనుకు 50,000 శాంపిళ్లు (సిగ్నల్‌ను కొలిచిన విడి విలువలు) మాత్రమే వస్తాయి. 50.2 కిలోహెర్ట్జ్ పల్సును ఆ వేగంతో కొలిస్తే మిగిలిన తేడా 200 హెర్ట్జ్ తెర మీద అలగా నిలుస్తుంది. కొత్త కెపాసిటర్‌తో అసలు ఫ్రీక్వెన్సీ ఒక్క శాతం పెరిగి 50.7 అయింది, అంతే. పెట్టె మీద ముద్రించిన 1 గిగాశాంపిల్ (సెకనుకు వంద కోట్ల శాంపిళ్లు) అత్యధిక వేగం మాత్రమే. టైమ్‌బేస్ నెమ్మదించినప్పుడు చాలా స్కోపులు మెమరీలో పట్టని శాంపిళ్లను వదిలేస్తాయి.

నేను గమనించి ఉండవలసిన గుర్తులు రెండు ఉన్నాయి. ట్రిగర్ (అలను తెర మీద ఒకేచోట నిలిపే ఏర్పాటు) అందిందని స్కోప్ చెబుతున్నా అల ఒకచోట నిలవకుండా పక్కకు జారుతోంది; తెర కింది మూలలో ట్రిగర్ ఫ్రీక్వెన్సీ మాత్రం 50 కిలోహెర్ట్జ్ అనే చూపిస్తోంది. ఆ అంకెను ట్రిగర్ సర్క్యూట్ విడిగా లెక్కిస్తుంది కనుక దానికి ఈ పొరపాటు అంటలేదు. గడికి 10 మైక్రోసెకన్లకు తెచ్చాక ఐదు పల్సులు కదలకుండా నిలిచాయి.

అప్పటి నుంచి ఏ సిగ్నల్‌నైనా వేగమైన టైమ్‌బేస్ దగ్గర మొదలుపెట్టి, క్రమంగా నెమ్మదికి వస్తాను. నాబ్ తిప్పినప్పుడు అల అదే నిష్పత్తిలో దగ్గరపడకపోతే దాన్ని నమ్మను. నెమ్మదైన టైమ్‌బేస్ తప్పనిసరైతే పీక్ డిటెక్ట్ పెడతాను. అప్పుడు శాంపిళ్ల మధ్య వచ్చిన గరిష్ఠ, కనిష్ఠ విలువలను స్కోప్ దాచుకుంటుంది కనుక దొంగ అలకు బదులు నిండుగా ఒక పట్టీ కనిపిస్తుంది. అది లోపల వేగమైన సిగ్నల్ ఉందని మాత్రమే చెబుతుంది, దాని ఆకారం చెప్పదు.

సిద్ధాంతం ప్రకారం సిగ్నల్‌లోని అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెండింతల కంటే ఎక్కువ వేగం చాలు. అయితే స్క్వేర్ వేవ్ అంచుల్లో హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి ఎన్నో రెట్లుండే ఫ్రీక్వెన్సీలు) ఉంటాయి కాబట్టి పల్సు ఫ్రీక్వెన్సీకి రెండింతలు ఏమాత్రం సరిపోవు. రెండు ఛానళ్లూ ఆన్ చేస్తే కొన్ని మోడళ్లలో శాంపిల్ వేగం సగానికి పడిపోతుంది. అవసరం లేని ఛానల్ ఆపేయండి.

ఒక్క మాట మాత్రం మరవకండి: ప్రైమరీ వైపు (మెయిన్స్ కరెంటు నేరుగా వచ్చే వైపు) కొలిచేటప్పుడు బోర్డుకు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానే కరెంటు ఇవ్వండి, ఎందుకంటే ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ నేరుగా ఎర్త్‌కు కలిసి ఉంటుంది; మెయిన్స్ నుంచి విడదీయని బోర్డుకు దాన్ని తగిలిస్తే షార్ట్ అవుతుంది.